దీపం వేళకి ఆగిన కథ

"డ్రైవరే చంపేశాడని చెప్పెయ్యవే. నేనేం అనుకోను."

కుక్కుటేశ్వరరావు ఆ మాట దానకర్ణుడిలా అన్నాడు. కువైట్‌లో సల్వా అనే పేటలోని ఆ ఇంట్లో పదకొండేళ్లుగా కారు నడుపుతున్న మనిషి, పెళ్లాన్ని గట్టెక్కించడానికి డ్రైవర్ల జాతినంతటినీ జైల్లో పెట్టించడానికి సిద్ధపడ్డాడు.

సూరాయమ్మ ఉల్లిపాయలు కోయడం ఆపలేదు.

"ఆ కతలో డ్రైవరు లేడండి."

"లేకపోతే పెట్టించు. ఎల్లుండి నాదియా విమానం ఎక్కేత్తది. ఏదో ఒక పేరు చెప్పేత్తే రాసుకుని ఎల్లిపోద్ది. మామా ఏమన్నా లేచొచ్చి కాదంటదా?"

కత్తి ఆగింది.

అన్నాక ఆయనకే తెలిసింది, అనకూడని మాట అన్నానని. తల దించుకుని చద్దన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు.

మామా పై గదిలో ఉంది. కువైట్ ఇళ్లల్లో పనిచేసేవాళ్లందరూ ఇంటావిడని పిలిచినట్టే ఈవిడనీ వీళ్లిద్దరూ మామా అనే పిలుస్తారు. కానీ ఈ మామా కువైటీ కాదు. పేరు ఓర్నెల్లా బ్రెస్సాన్. ఇటలీలో పుట్టి, పాదువాలో డాక్టరీ చదువుకుంటున్న కువైటీని చేసుకుని, ముప్పై ఏళ్ల కిందట ఇక్కడికి కాపురానికి వచ్చింది. భర్త డ్యూటీకి వెళ్లిపోతే తన భాష తెలిసిన ప్రాణి లేని ఇంట్లో మధ్యాహ్నాలు గడవక, ఒక హత్య కథ మొదలుపెట్టింది. ఆ మొదలుపెట్టడం పదకొండు నవలల దాకా వచ్చింది. ఇటలీలో రైలెక్కేవాళ్లు అరటిపళ్లతో పాటు ఆవిడ పుస్తకం కూడా కొనుక్కుని ఎక్కుతారట.

మూడు వారాల కిందట తెల్లవారేసరికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు, నోట్లో మాట మూడూ ఒకేసారి పోయాయి. బుర్ర మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ కళ్లు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. బయటికి రాకుండా పోయినది పన్నెండో నవల ముగింపు. అది మామా బుర్రలోనే ఉండిపోయింది.

ఇటలీలో చదువుకుంటున్న కూతురు నాదియా పరుగున వచ్చి, కాగితాలన్నీ వెతికి, చివరి నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం పట్టుకుంది. "ముగింపు: సూరాకి చెప్పినట్టు."

సూరా అంటే సూరాయమ్మ. ఆ సూరాయమ్మకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

"నిజం చెప్పెయ్యొచ్చు కదే మరి," అన్నాడు కుక్కుటేశ్వరరావు, ఈసారి మెత్తగా. "నాకు చెప్పలేదమ్మా అని."

"అంటే ఎందుకు చెప్పలేదని అడుగుద్ది."

"ఎందుకు చెప్పలేదు?"

సూరాయమ్మ ఆయన కంచం పక్కనున్న ఆవకాయ సీసా తీసి అలమరలో పెట్టేసింది. "మొన్న బీపీ చూసిన డాక్టరు ఏమన్నాడండి మీకు?"

"ఆడు మనిషి కాదే బాబూ. నేనొక్క ముక్క చెప్పలేదు. చేతికి పట్టీ చుట్టి, బుడగ నొక్కి, అచార్ బంద్ నహీ కియా, పచ్చడి మానలేదు నువ్వు అన్నాడు. నువ్వే ఫోన్ చేసుంటావు."

"నాకదే పనా."

ఆయన ఇంకేదో అనబోయి గుమ్మం వైపు చూసి ఆగిపోయాడు. నాదియా వచ్చి నిలబడి ఉంది. చేతిలో ఆ నోట్‌బుక్.

కుక్కుటేశ్వరరావు కంచం పట్టుకుని పెరటివైపు వెళ్లిపోయాడు. కారు కడగాలట. పొద్దున్నే ఒకసారి కడిగాడు.

నాదియా వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఆ పిల్లకి అన్నం పెట్టింది సూరాయమ్మే. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది అరబ్బీ, అదీ వంటింటి అరబ్బీ. అందులో మధ్యమధ్య "అయ్యో", "చాల్లే" అనే మాటలు నాదియా కూడా అలవాటుగా వాడేస్తుంది.

"సూరా, ప్రచురణ కర్త మళ్లీ ఫోన్ చేశాడు. నేను ఎల్లుండి ముగింపు లేకుండా వెళితే, ఇంకొకరి చేత రాయించేస్తారట. ఎవరో కుర్ర రచయిత. అమ్మ ఎప్పుడూ చూడని మనిషి."

"వద్దు."

"నాకూ వద్దు. అందుకే అడుగుతున్నాను. రోజూ నాలుగు గంటలకి అమ్మ ఈ బల్ల దగ్గర కూర్చుని కథ చెప్పేది. నువ్వు కూరలు తరిగేదానివి. నీ చెయ్యి ఆగితే ఆ అధ్యాయం బాగున్నట్టు, ఆగకపోతే చింపేసేది. నాకు తెలియదా? పదకొండు పుస్తకాలు ఇక్కడే కదా పండాయి."

సూరాయమ్మ ఉల్లిపాయ పొట్టు ఏరుతూ కూర్చుంది. ఏరడానికి అక్కడ అంత పొట్టు లేదు.

"నీకు చెప్పడం ఇష్టం లేకపోతే అది వేరు. చెప్పు, ఇష్టం లేదని."

"ఇష్టం లేకపోవడమేమిటి తల్లీ."

"మరి?"

నాదియా నోట్‌బుక్ తెరిచి పేజీ తిప్పింది.

"దీని వెనక పేజీలో ఇంకో మాట ఉంది. నీకు చదివి వినిపించలేదు. నువ్వే చెబుతావేమోనని ఆగాను. వినిపించనా?"

సూరాయమ్మ తలెత్తింది.

"సూరా ఈరోజు అజాన్ కంటే ముందే దీపం పెట్టింది. రేపు పొద్దున్నే చెప్పాలి." నాదియా నోట్‌బుక్ మూసింది. "అంతే రాసింది. ఏమిటి దీనర్థం?"

సూరాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హత్యలు రాసే మనిషి దగ్గర ఏదైనా దాగుతుందనుకోవడం ఆమెదే పొరపాటు.

దీపం సంగతి నాదియాకీ తెలుసు. ఆ వంటింటి కిటికీ గట్టు మీద ఒక చిన్న ఇత్తడి దీపం ఉంది. పక్కన కుక్కుటేశ్వరస్వామి పటం. చేరిన కొత్తలోనే "మీ దేవుడికి వెలుతురు కావాలి కదా, కిటికీ ఇచ్చేశాను" అంది మామా. సాయంత్రం మసీదులో అజాన్ వినపడగానే సూరాయమ్మ ఆ దీపం వెలిగిస్తుంది. ఇంట్లో దీపం పెట్టాక చావు మాట ఎత్తకూడదని వాళ్ల పిఠాపురం వైపు పట్టింపు. అందుకని పద్నాలుగేళ్లుగా ఆ వంటింట్లో ఒకటే నియమం. హత్యలన్నీ అజాన్ లోపలే జరిగిపోవాలి. శవం సగంలో ఉన్నా సరే, దీపం వెలిగితే మామా నోట్‌బుక్ మూసేసేది. మర్నాడు నాలుగింటిదాకా ఆ శవం అలాగే పడి ఉండేది.

"ఆవేళ ముగింపు చెబుతానంది మామా. ఎలాగూ చెప్పేస్తుంది కదా అని ఆ 'చెప్పినట్టు' అన్న మాట ముందే రాసేసుకుని ఉంటుంది," అంది సూరాయమ్మ. "అజాన్‌కి ఇంకా పావుగంట ఉంది. నేను లేచి దీపం పెట్టేశాను. మామా దీపం చూసింది, గోడ మీద గడియారం చూసింది. నవ్వి నోట్‌బుక్ మూసేసింది. తెల్లారేసరికి..."

"ఎందుకు పెట్టావు?"

"నివెస్."

నివెస్‌కీ దీపానికీ సంబంధమేమిటో నాదియాకి అర్థం కాలేదు.

"కతలో వంటమనిషి నివెస్," అంది సూరాయమ్మ. "ఆ ఇంటాయన ఓడల వ్యాపారి, ముసలాయన. ఉప్పు తినకూడదన్నాడు డాక్టరు. ఇంటిల్లిపాదీ ఆయనకి చప్పిడి తిండి పెడతారు. నివెస్‌కి మనసొప్పక, రోజూ మధ్యాహ్నం చిటికెడు ఉప్పు కాగితంలో పొట్లం కట్టి ఆయన రుమాలు కింద పెడుతుంది. ఆ సంగతి వాళ్లిద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు. ఒకరోజు ఆ ఉప్పులోనే విషం. ఇంకెవరమ్మా చేసేది? పది రోజులుగా వింటున్నాను. అన్ని దార్లూ దాని దగ్గరికే వెళుతున్నాయి. పదకొండు పుస్తకాల్లో మామా ఎప్పుడూ పనివాళ్లని దోషుల్ని చెయ్యలేదు. ఇప్పుడు ఎందుకు చేస్తోంది? నన్ను చూసే రాస్తోందా? నా గురించి మామా మనసులో ఉన్నది ఇదేనా అనిపించింది. ఆ పేరు మామా నోట వినలేక దీపం పెట్టేశాను."

చెప్పేసి సూరాయమ్మ ఏడ్చింది. మూడు వారాలుగా హాస్పిటల్లో గానీ, ఆ పక్క మీద గుడ్డలు మార్చేటప్పుడు గానీ ఒక్క కన్నీటి చుక్క రాని మనిషి.

"ఆవిడ నన్ను తెచ్చుకున్న రోజు కూడా గుర్తు రాలేదు చూడు నాకు," అంది ఏడుపు మధ్యలో.

ఆ రోజు సంగతి నాదియాకి కథలా తెలుసు. తొంభై మూడులో సూరాయమ్మ మొదట దిగింది ఇంకో పేటలో, ఇంకో ఇంట్లో. ఇరవైమందికి వంట. గుమ్మం దాటనిచ్చేవారు కాదు. ఒక పెళ్లిలో వడ్డిస్తుంటే మామా ఆమె మోచేతి మీద కాలిన మచ్చ చూసింది. మర్నాడు పొద్దున్నే ఆ ఇంటికి వెళ్లి హాల్లో కూర్చుంది. ఆమెని వదిలేస్తున్నట్టు రిలీజ్ కాగితం ఇవ్వండి, ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్, నా పేరు మీదకి మార్చుకుంటాను అంది. వాళ్లు కుదరదన్నారు. మామా టీ తాగుతూ నోట్‌బుక్ తీసి ఏదో రాసుకోవడం మొదలుపెట్టింది. రెండో రోజూ వెళ్లింది. మూడో రోజు ఆ ఇంటావిడ ఉండబట్టలేక ఏం రాస్తున్నావని అడిగింది. "వంటమనిషిని బయటికి వెళ్లనివ్వని ఇంటి కథ. ఆ ఇల్లు ఏ వీధిలో పెట్టాలా అని ఆలోచిస్తున్నాను" అంది మామా. సాయంత్రానికి కాగితం మీద సంతకం పడింది.

నాదియా లేచి వచ్చి సూరాయమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"నాకూ ఆ పుస్తకాలు ఊరికే కావు సూరా. వాటిలో ఇన్‌స్పెక్టర్ స్నేహితుడున్నాడే, డాక్టర్ లివియో. జేబులో ఏలకులు వేసుకుని తిరుగుతాడు. ఆ ఇటలీ ఊళ్లో ఏలకులు జేబులో వేసుకునేదెవరు? అది మా నాన్న, మా బాబా. బాబా పోయాక నాలుగేళ్లుగా నేను ఆ పుస్తకాలే మళ్లీ మళ్లీ చదువుతున్నాను. పేజీ తిప్పితే బాబా వస్తాడు. ఇంకెవరో ఆయన చేత మాట్లాడించడం నాకు ఇష్టం లేదు."

సూరాయమ్మ కళ్లు తుడుచుకుంది. బాబా జేబు ఏలకులు ఎండబెట్టింది తనే.

"అమ్మకి మాట లేదు గానీ ఎడం చెయ్యి ఉంది," అంది నాదియా. "దాంతో రాయడం చేతకాదు. కానీ మీ ఇద్దరి మధ్య గింజల ఆట ఉండేది కదా?"

సూరాయమ్మ లేచి అలమరలో రాజ్మా గింజల డబ్బా తీసింది.

ఆ ఆట వాళ్లది. నవల సగానికి వచ్చేసరికి హంతకుడెవరో సూరాయమ్మ ఊహించాలి. తప్పు చెబితే మామా ఒక రాజ్మా గింజ తీసి స్టీలు గ్లాసులో వేస్తుంది. ఒప్పయితే మామా స్వయంగా లేచి, బుల్లి అల్యూమినియం కూజాలో తన దేశపు కాఫీ కాచి, సూరాయమ్మని కుర్చీలో కూర్చోబెట్టి పోస్తుంది. పదకొండు పుస్తకాల్లో సూరాయమ్మ ఆ కాఫీ తాగింది రెండే సార్లు. పరమ చేదు. అయినా ఆ రెండుసార్లూ చుక్క మిగల్చకుండా తాగింది.

నాలుగు గంటలకి సూరాయమ్మ కాఫీ తనే కాచింది. కూజా, ఖాళీ కప్పు, గ్లాసు, గింజలు పళ్లెంలో పెట్టుకుని మేడెక్కింది.

మామా దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. పళ్లెం చూసింది. గింజలు చూసింది. ఎడమ వైపు పెదవి కొద్దిగా కదిలింది. అది నవ్వేనని సూరాయమ్మకి తెలుసు.

సూరాయమ్మ మంచం పక్కన కూర్చుంది. అటువైపు నాదియా పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉంది.

"మామా, ఆవేళ నేను దీపం దొంగతనంగా పెట్టాను. మీకు తెలిసిపోయిందట. తప్పయిపోయింది."

మామా ఎడమ చెయ్యి ఎత్తి గాల్లో ఒకసారి విదిలించింది. ఎవరైనా క్షమాపణ అడిగితే ఆవిడ ముప్పై ఏళ్లుగా చేసే సైగే అది. ఖలాస్, ఇక చాలు అని.

"అయితే అడుగుతాను. ఓడల వ్యాపారి రెండో పెళ్లామా?"

మామా గింజ తీసింది. గ్లాసులో గింజ ఠంగున పడింది.

"మేనల్లుడా? ఆస్తి కోసం తిరిగేవాడు?"

ఠంగ్.

నాదియా రెండు పేర్లూ కొట్టేసింది. సూరాయమ్మ అనుమానంలో ఇక మిగిలింది ఒకటే పేరు.

"నివెస్."

మామా గింజల వైపు పోలేదు. ఎడమ చెయ్యి మెల్లగా కాఫీ కూజా మీదకి వెళ్లింది.

అయితే తను అనుకున్నదే. అయినా సూరాయమ్మ పళ్లెం కదలకుండా రెండు చేతులా పట్టుకుంది. ఏ కథలో ఏమున్నా, తన చేతి మచ్చ చూసింది ఈవిడే కదా, ఈవిడ పోసినది తాగుతాను అనుకుంది.

కాఫీ సన్నటి ధారగా కప్పులో పడింది. సగానికి వచ్చింది. అక్కడ ఆగింది. మామా కూజా దించేసి కప్పుని సూరాయమ్మ వైపు తోసింది.

"చెయ్యి నొప్పెట్టిందా అమ్మా?" అంది నాదియా లేవబోతూ.

"ఉండు," అంది సూరాయమ్మ. "పద్నాలుగేళ్లలో సగం కాఫీ ఎప్పుడూ పోయలేదు." మామా కళ్లలోకి చూసింది. "చెయ్యి నివెస్‌దే. చేసింది నివెస్ కాదు. అంతేనా?"

మామా అవునన్నట్టు కళ్లు మూసి తెరిచింది.

సూరాయమ్మ ఆ ఎడమ చేతిని తీసుకుని కళ్లకద్దుకుంది. తన గురించి మామా అలా అనుకోలేదు. ఎప్పుడూ అనుకోలేదు. ఆ పావుగంట ఓపిక పట్టి కూర్చుని ఉంటే ఆవేళే తెలిసేది. సగం కాఫీ ఒక్క గుటకలో తాగేసింది. ఈసారి చేదు తెలియలేదు.

"నాదియా, శవం దగ్గర ఇన్‌స్పెక్టర్ ఆ పొట్లం చూస్తాడు కదా, అది చదువు."

నాదియా కాగితాలు తిరగేసింది. "కాగితంలో మిగిలిన ఉప్పు సన్నగా, పొడిగా, తెల్లగా ఉంది. ఇంకేమీ లేదు."

"ఇంకేమీ లేదా? బియ్యం గింజలు?"

"బియ్యమా?"

"సముద్రం పక్క ఊళ్లో ఉప్పు చెమ్మగిల్లిపోద్ది. నేను డబ్బాలో నాలుగు బియ్యం గింజలు వేస్తాను. ఎందుకని మామా అడిగింది, నివెస్ డబ్బాలోనూ వేయించింది. నివెస్ చిటికెడు తీస్తే ఒకటో రెండో గింజలు రావాలి. ఆ ఉప్పు నివెస్ డబ్బాలోది కాదు. పొట్లం ఎవరో మార్చేశారు."

మామా కళ్లు మెరిశాయి. నాదియా పెన్ను పరుగెత్తింది.

"కానీ పొట్లం సంగతి ఎవరికీ తెలియదు కదా సూరా. తెలియనివాళ్లు ఎలా మారుస్తారు?"

అక్కడే ఆగిపోయింది కథ. సూరాయమ్మ ఎంత ఆలోచించినా దారి దొరకలేదు. కిటికీలో ఎండ పల్చబడుతోంది.

తలుపు చప్పుడైంది. కుక్కుటేశ్వరరావు మందుల సంచి పట్టుకుని వచ్చి, బల్ల మీద పెట్టి, మామాకి సలాం చెప్పాడు. ఆయనతో పాటే ఆవకాయ వాసన కూడా వచ్చింది.

"మళ్లీ తిన్నారా?" అంది సూరాయమ్మ తెలుగులో.

"లేదే."

"ఆ డాక్టరుకి నేను చెప్పక్కర్లేదండి. చేతికి పట్టీ చుడితే ఆయనకే..."

మాట నోట్లోనే ఉండిపోయింది.

కుక్కుటేశ్వరరావు తప్పించుకున్నాననుకుని కిందికి వెళ్లిపోయాడు. సూరాయమ్మ కదల్లేదు. ఎవరూ చెప్పక్కర్లేదు. చప్పిడి తిండి తింటున్నానని ముసలాయన ఎంత చెప్పినా, రక్తపోటు తగ్గకపోతే ఒక మనిషికి తెలిసిపోతుంది. కథలో ప్రతి బుధవారం వచ్చి ఆ ముసలాయన చేతికి పట్టీ చుట్టే మనిషి ఒకడున్నాడు. తెలిసి కూడా ఏ రోజూ మందలించనివాడు. పదకొండు పుస్తకాలుగా ఇన్‌స్పెక్టర్ పక్కనే ఉన్నవాడు. జేబులో ఏలకులున్న డాక్టర్ లివియో.

సూరాయమ్మ మామా వైపు చూసింది. మామా ఆమెనే చూస్తోంది. ఆ కళ్లు అవునని చెబుతున్నాయో, జాగ్రత్త అని చెబుతున్నాయో తెలియలేదు.

"సూరా? తర్వాత?" నాదియా మొహం వెలిగిపోతోంది. "నీకు తెలిసిపోయింది కదూ? అమ్మ ముగింపు దొరికింది కదూ? చెప్పు, ఎవరు?"

వీధి చివర మసీదులో అజాన్ మొదలైంది.

సూరాయమ్మ అలవాటుగా లేచి నిలబడింది. కొంగులో అగ్గిపెట్టె ఉంది. కిందికి వెళ్లి దీపం పెట్టేస్తే ఇక రేపటిదాకా ఎవరూ అడగరు. ఈసారి దొంగతనం కూడా కాదు, సరైన వేళే. ఎల్లుండి ఆ పిల్ల విమానం ఎక్కేస్తుంది. ఎవరో కుర్రవాడు ఏదో రాసుకుంటాడు. పేజీ తిప్పితే బాబా అలాగే వస్తూ ఉంటాడు.

"దీపానికి వెళ్లాలి కదా," అంది నాదియా నీరసంగా, పెన్నుకి మూత పెడుతూ.

సూరాయమ్మ అగ్గిపెట్టె తీసి మామా దిండు పక్కన పెట్టింది. కుర్చీ జరుపుకుని మళ్లీ కూర్చుంది.

"ఈ పూట కాస్త ఆలస్యంగా పెడతాను. ఆ పెన్నూ కాగితాలూ పక్కన పెట్టి ఇలా నా దగ్గరికి రా తల్లీ."

మామా ఎడమ చెయ్యి మళ్లీ కాఫీ కూజా మీదకి చేరింది.